పుస్తకమూ పళ్ళెమూ

మన అలంకారికులు కావ్యాన్ని గురించి మాట్లాడవలసి వచ్చినపుడెల్ల వంటింటి మాటలనే అరువు తెచ్చుకొన్నారు. కావ్యంలోని ప్రాణానికి వారు పెట్టిన పేరు రసము. దానిని అనుభవించుటకు పెట్టిన పేరు ఆస్వాదనము. నానావిధ వ్యంజనాలతో కూడిన అన్నాన్ని తినేవాడు రుచులను అనుభవించినట్లే ప్రేక్షకుడు నాటకంలోని భావాలను అనుభవిస్తాడని భరతముని నాట్యశాస్త్రంలో పోలిక చెప్పినాడు. కవిత్వపు పోకడలకు కూడ ద్రాక్షాపాకము, కదళీపాకము, నారికేళపాకము అని పండ్ల పేర్లే పెట్టినారు. నోట వేసికొనగానే రసమిచ్చేది ద్రాక్ష. తొక్క ఒలిచిన తరువాత రుచించేది అరటి. పీచు తీసి, పెంకు పగులగొట్టిన తరువాత గాని దక్కనిది కొబ్బరి. ఉర్దూ సాహిత్యంలోను సంగతి ఇదే. సాహిత్యాభిరుచికి ఉర్దూవారు వాడే 'జౌఖ్' అనే మాటకు మూలార్థం రుచి చూచుటయే. ఆ మాటనే కలం పేరుగా పెట్టుకొన్న కవి గాలిబుకు సమకాలికుడుగా ఢిల్లీలో వెలసినాడు.

ఇట్టి రెండు సంప్రదాయాలకు వారసులమైన మనము సాహిత్య సంఘపు వార్షిక సమావేశం ముగిసిన తరువాత జరిగే తేనీటి విందులో ఏమి తింటున్నాము? కాగితపు పళ్ళెంలో రెండు బిస్కట్లు, గుప్పెడు మిక్చరు, ఒక సమోసా. అంతకు ముందు గంటసేపు విన్న ఉపన్యాసానికి ఈ పళ్ళేనికి ఏ సంబంధమూ లేదు. కావున ఈ సంచిక మూలంగా కళాశాల కమిటీ పెద్దల ముందు, విద్యార్థుల ముందు మేము ఒక చిన్న ప్రతిపాదన ఉంచుతున్నాము. వచ్చే విందులో చిరుతిండ్లు అంగడి నుండి రాకూడదు. విద్యార్థులు తాము చదివి ఇష్టపడిన పుస్తకం నుండి ఒక వస్తువునో, ఒక పాత్రనో, ఒక ఊహనో ఎన్నుకొని, దానికి తినదగిన రూపమిచ్చి, పుస్తకం పేరు వ్రాసిన చీటీతో సహా బల్లపై పెట్టవలెను. దీనిని వినోదంగానే ప్రతిపాదిస్తున్నాము. కాని వినోదం మాత్రమే అని మేము అనుకొనుట లేదు.

ఇది మేము కొత్తగా కనిపెట్టినది కాదు. 2000వ సంవత్సరం నుండి ఏటా ఏప్రిల్ 1వ తేదీ ప్రాంతంలో పెక్కు దేశాల గ్రంథాలయాలలో, కళాశాలలలో 'తినదగిన పుస్తకాల పండుగ' జరుగుతున్నది. జూడిత్ హాఫ్‌బర్గ్ అనే అమెరికన్ గ్రంథాలయవేత్త, కాగితపు కత్తిరింపుల కళాకారిణి బియాట్రిస్ కోరాన్ దీనికి అంకురార్పణ చేసినారు. భోజన విషయాన్ని శాస్త్రచర్చ వలె విస్తరించి 1825లో 'రుచి శరీరశాస్త్రం' అనే గ్రంథాన్ని ప్రకటించిన ఫ్రెంచివాడు బ్రియా సవారె జన్మదినం 1755 ఏప్రిల్ 1 కావడం చేత ఆ తేదీని ఎన్నుకొన్నారు. అది మూర్ఖుల దినం కూడ కావడం వారి హాస్యప్రియత్వానికి తగినదే. నియమాలు స్వల్పం. పెట్టినది తినదగినదై ఉండవలెను. పుస్తకంతో దానికి సంబంధం ఉండవలెను. అందరూ చూచి, నవ్వుకొని, ఉత్తమమైనదానికి బహుమతి నిర్ణయించి, ఆ మీదట పుస్తకాలన్నింటిని తినివేస్తారు.

ఆ బల్లలపై ఎక్కువగా కనిపించేది పేరుతో చేసే చమత్కారం. మనవారు కూడ అందులో వెనుకబడరు. విశ్వనాథవారి 'వేయిపడగలు' పేరు చెప్పగానే ఒక బేసిను నిండా 'వేయి పకోడీలు' వేయించి తెచ్చే మహానుభావుడు మన రెండవ సంవత్సరపు తరగతిలో తప్పక ఉండును. నవ్వుదుము గాక. కాని ఆ మహానుభావుడు నవలలో ఎన్ని పుటలు తిరుగవేసినాడని కూడ అడిగి తీరవలెను.

ఎందుకు అడుగవలెనో చెప్పుటకు ఒక ఉదాహరణ ఇస్తాము. జాన్ స్టైన్‌బెక్ 1939లో వ్రాసిన 'ద గ్రేప్స్ ఆఫ్ రాత్' పేరులో ద్రాక్షపండ్లు ఉన్నవి, ఆగ్రహమూ ఉన్నది. కనుక ద్రాక్షపండ్లకు ముడిపడిన కనుబొమలు అతికించి పళ్ళెంలో పెట్టుట ఇటువంటి పండుగలలో సులభమైన హాస్యం. అయితే ఆ నవలలో ఏమున్నది? ఓక్లహోమాలో భూములు పోగొట్టుకొని కాలిఫోర్నియాకు వలసపోయిన రైతు కుటుంబాల ఆకలి ఉన్నది. ధర పడిపోకుండుటకు నారింజపండ్ల గుట్టలపై కిరసనాయిలు చల్లుటా, బంగాళాదుంపలను ఏటిలో పారవేసి వాటిని ఎవరూ ఏరుకొనకుండా కాపలా పెట్టుటా ఉన్నవి. ఆకలిగొన్నవారు చూస్తూ నిలుచుండుట ఉన్నది. పుస్తకం చదివినవాడు ఆ ద్రాక్షపండును నవ్వుతూ నోట వేసికొనలేడు. కాబట్టి మేము కోరే మొదటి నియమం ఇది: పేరు మాత్రమే తెలిసినవానికి పళ్ళెం పెట్టే అర్హత లేదు. పళ్ళెం పెట్టినవాడు దాని ప్రక్కన నిలుచుండి, అడిగినవారికల్ల రెండు మూడు నిమిషాలపాటు ఆ పుస్తకాన్ని గురించి చెప్పగలగవలెను.

ఇక మన అలమరలలోని పుస్తకాల నుండి ఏమి చేయవచ్చునో చూతము. అన్నిటికంటె తేలికైనది పాకత్రయం. ఒక ద్రాక్షపండు, ఒక అరటిపండు చక్రం, ఒక పచ్చికొబ్బరి ముక్క ఒకే పుల్లకు గ్రుచ్చిన చాలును. అరటి నల్లబడకుండా కొంచెం నిమ్మరసం పూయవలెను. మూడింటిని వరుసగా నమిలినవానికి అలంకారశాస్త్ర పాఠం మరల చెప్పనక్కరలేదు.

'కన్యాశుల్కం' చదివినవారు గిరీశం చుట్టను మరువలేరు. పలుచని చపాతీపై బెల్లం కలిపిన కొబ్బరికోరు పరచి, బిగువుగా చుట్టి, చివర తెల్లని కొబ్బరిపొడి అద్దినచో బూడిదతో సహా చుట్ట సిద్ధము. మన కళాశాల ఆవరణలోనికి అనుమతింపదగిన చుట్ట ఇది ఒక్కటే. మొక్కపాటి నరసింహశాస్త్రిగారి 'బారిస్టరు పార్వతీశం' మొదటి భాగం వెలువడినది 1924లో. మొగల్తూరు నుండి సీమకు బయలుదేరిన ఆ అమాయకుని ఓడను కీరదోసకాయతో చేయవచ్చును. కాయను నిలువుగా చీల్చి, గింజలు తీసి, మూడేసి ముక్కలుగా కోసి, లోపల ఉప్పుకారం వేసిన ఉడికిన సెనగలు నింపి, అప్పడపు ముక్కను తెరచాపగా గ్రుచ్చవలెను. ఒక కాయకు ఆరు ఓడలు వచ్చును. అప్పడాన్ని వడ్డించే క్షణంలోనే గ్రుచ్చవలెను. ముందే గ్రుచ్చితే దోసకాయ నీటికి తెరచాప మెత్తబడి, ఓడ సీమకు చేరకముందే మునిగిపోవును.

ఉప్పూ కర్పూరమూ చూపునకు ఒక్కటే గాని రుచిలో వేరు అని చెప్పిన వేమన పద్యం తెలుగుదేశంలో పలక పట్టిన ప్రతివానికి తెలుసును. దానికి పళ్ళెం ఇట్లు కట్టవచ్చును. ఒకే పరిమాణంలో తెల్లని ఉండలు రెండు రకాలు చేయవలెను. ఒకటి బియ్యపు రవ్వతో చేసిన ఉప్పటి ఉండ్రాయి; రెండవది పంచదార కలిపిన కొబ్బరి ఉండ. రెంటిని కలిపి ఒకే పళ్ళెంలో పోసి, ఏది ఏదో చెప్పకుండా ఉంచవలెను. తీసుకొన్నవాడు తిన్న తరువాత గాని తెలిసికొనలేడు. మనిషిని చూపుతో తూచరాదన్న మాటను ఇంతకంటె సూటిగా చెప్పే ఉపన్యాసం మేము వినలేదు.

శ్రీకృష్ణదేవరాయలు 'ఆముక్తమాల్యద'లో అతిథులకు ఋతువును బట్టి వడ్డన మార్చినాడు. ఎండాకాలంలో పలుచని అంబలి, చెరకురసం, లేత కొబ్బరినీరు, పండ్లు, పరిమళించే చల్లని నీరు. చలికాలంలో మిరియపు పొడి తగిలిన వేడి కూరలు, ముక్కు తెరిపించే ఆవ పచ్చళ్ళు. మన వార్షికోత్సవం ఎండలు ముదిరే వేళ జరిగే పక్షంలో తేనీటి ప్రక్కన రాయలవారి పానీయాలు కూడ ఉండుట మేలు.

ఉర్దూ అలమర వైపు తిరుగుదము. గాలిబుకు మామిడిపండ్లపై గల మక్కువ లోకప్రసిద్ధము. గాడిద కూడ మామిడిపండు తినలేదు చూడుమని మిత్రుడు వెక్కిరించగా, అవును, గాడిదలు తినవు అని ఆయన సమాధానమిచ్చినట్లు చెప్పుకొంటారు. ఆయన లేఖలు ఉర్దూ వచనానికి కొత్త ఊపిరి పోసినవి. మామిడిపండూ ఉత్తరమూ రెండూ కలిసిన వస్తువు మన తెలుగునాట ఉన్నది. అదే మామిడి తాండ్ర. దానిని పలుచని చదరాలుగా కోసి, లోపల ఒక జీడిపప్పు పలుకు ఉంచి, నాలుగు మూలలు మడచి, లవంగపు మొగ్గతో ముద్ర వేసినచో గాలిబు ఉత్తరం తయారగును. తినేముందు లవంగం తీసివేయుమని చీటీలో వ్రాయుట మరువరాదు. ఈ విందుకు తాండ్ర తెలుగుది, ఉత్తరం ఉర్దూది. రొట్టెను గురించి, దోసకాయను గురించి, నువ్వుల లడ్డూను గురించి కూడ కవితలల్లిన నజీర్ అక్బరాబాదీ ఉండగా ఉర్దూ విద్యార్థికి పళ్ళెం వెదకుకొనే కష్టమే లేదు.

మనము తృణీకరించిన ఆ సమోసాకు సైతం గ్రంథస్థమైన చరిత్ర కలదు. 14వ శతాబ్దంలో ఢిల్లీ సుల్తాను కొలువులోని విందులను వర్ణిస్తూ ఇబ్న్ బతూతా దానిని పేర్కొన్నాడు. అక్బరు కాలపు వంటకాల పట్టికలో అబుల్ ఫజల్ కూడ 'సంబూసా' పేరు వ్రాసినాడు. హైదరాబాదు విందులలో దర్శనమిచ్చే చదరపు లుఖ్మీ పేరుకు మూలమైన 'లుఖ్మా' అనగా ముద్ద అనియే అర్థము. కనుక సమోసాను బహిష్కరింపనక్కరలేదు. దాని ప్రక్కన ఇబ్న్ బతూతా చీటీ ఒకటి పెట్టినచో అది కూడ పుస్తకమే అగును.

ఇంతవరకు చెప్పినది నవ్వులాట. ఇప్పుడు కష్టమైన పళ్ళేనికి వత్తుము. ప్రేమ్‌చంద్ 'ఈద్‌గాహ్' కథను మనలో పెక్కుమంది చదివినారు. పండుగనాడు మూడు పైసలతో తిరునాళ్ళకు పోయిన హమీద్, తోటి పిల్లలు మిఠాయిలు తింటూ ఉండగా తాను ఒక్కటి కూడ కొనక, రొట్టెలు కాల్చేటపుడు నాయనమ్మ వ్రేళ్ళు కాలుతున్నవని తలచి ఇనుప పట్టకారు కొని తెచ్చినాడు. ఈ కథకు ఏ చిరుతిండి చేయగలము? బిస్కట్టు పిండిని పట్టకారు ఆకారంలో కత్తిరించి చక్కెర చల్లవచ్చునని వెంటనే తోచును. అది అందముగానే ఉండును. కాని కథకు ద్రోహము. మిఠాయి తినని పిల్లవాని పేర మిఠాయి పంచినట్లగును. మా అభిప్రాయంలో ఈ కథకు తగిన పళ్ళెం ఒక్కటే: ఏ అలంకారమూ లేని వేడి రొట్టె ముక్క, దానిని అందించుటకు నిజమైన ఇనుప పట్టకారు. ఆ రొట్టె తినేవాడు ఒక్క క్షణం నవ్వు మానినచో పళ్ళెం పెట్టినవాడు కథను చదివినట్లే.

ఈ ఒక్క పళ్ళెంతో మా ప్రతిపాదన సారమంతా తేలుచున్నది. చదివినదానిని వస్తువుగా మార్చవలసి వచ్చినపుడు, ఇందులో ముఖ్యమేది, ఉపరితలమేది అని పాఠకుడు నిర్ణయించుకొనక తప్పదు. పరీక్ష కాగితంపై 'ఈ కథలోని నీతి ఏమి' అనే ప్రశ్నకు గైడులో చూచి వ్రాయవచ్చును. చక్కెర చల్లవలెనా, వద్దా అనే ప్రశ్నకు గైడులో సమాధానం దొరకదు.

రెండవ ప్రయోజనం మన కళాశాలకు ప్రత్యేకము. మన గ్రంథాలయంలో ఉర్దూ అలమర ఒక గోడకు, తెలుగు అలమర మరొక గోడకు ఉన్నవి. వాటి నడుమ నాలుగు బారల దూరమే గాని దానిని దాటేవారు అరుదు. ఉర్దూ మాతృభాషగా గల విద్యార్థి వేమనను పరీక్ష కొరకు చదివి, పరీక్షతోనే వదలివేస్తున్నాడు. తెలుగు విద్యార్థికి గాలిబు పేరు తెలుసును గాని ఆయన ఏమి వ్రాసినాడో తెలియదు. తేనీరు త్రాగే వేళ కూడ రెండు గుంపులు రెండు చెట్ల క్రింద నిలుచుంటున్నవి. ఇది వైరము కాదు, అలవాటు. అయినను అలవాటుగా మొదలైన దూరమే తరువాత అపరిచయమగును. అపరిచయం నుండి ఏమేమి పుట్టునో వార్తాపత్రికలు చదివేవారికి మేము చెప్పనక్కరలేదు.

కావున పళ్ళెం పెట్టే ప్రతి జట్టులోను ఇరువురుండవలెనని, ఒకరు ఉర్దూ వైపు నుండి, ఒకరు తెలుగు వైపు నుండి రావలెనని కోరుతున్నాము. వంట చేయుటకు కూర్చున్నపుడు 'చిమ్టా' అనగా పట్టకారు అని ఒకరు, తాండ్ర అనగా 'ఆమ్ పాపడ్' అని మరొకరు చెప్పుకొనక గడవదు. రెండు అలమరలను కలిపే గ్రంథాలు కూడ మనకు లేకపోలేదు. జాషువాగారు 1932లో 'ఫిరదౌసి' కావ్యం వెలయించినారు. షానామా రచించిన పారశీక మహాకవి వేదనను తెలుగు పద్యంలో చెప్పిన కావ్యమది. బంగారు నాణెములు ఆశించిన కవికి గజనీ మహమూదు వెండి నాణెములు పంపగా, అతడు వాటిని స్నానశాల సేవకునికి, పానీయమమ్మేవానికి పంచివేసినాడని పారశీకుల కథనము. దీనికి పళ్ళెం కట్టుట సులభము. గుండ్రని ముల్లంగి బిళ్ళపై అదే పరిమాణం గల క్యారట్టు బిళ్ళ పెట్టి ఉప్పు, నిమ్మరసం చల్లవలెను. పైకి బంగారము, ఎత్తి చూచినచో క్రింద వెండి. ప్రక్కన ఒక గ్లాసు నిమ్మ షర్బతు, ఆ పానీయమమ్మేవాని పేర. ఈ పళ్ళెం ఏ అలమరకు చెందినదో చెప్పుడు!

దీనికి వచ్చే ఆక్షేపణలు మేము ఎరుగనివి కావు. గ్రంథాన్ని కళ్ళకద్దుకొనే సంస్కారం గలవారము, దానిని తినుబండారముగా చేయుదుమా అని పెద్దలు అడుగవచ్చును. ఆ గౌరవం మాకును కలదు. అందుచేతనే ఏ మతపు పవిత్ర గ్రంథమూ, ఏ ఆరాధ్యమూర్తి ప్రసక్తీ ఈ బల్లపైకి రాకూడదని స్పష్టముగా వ్రాసిపెట్టవలెను. మిగిలిన పుస్తకాల విషయంలో, అద్దాల అలమరలో తాళం వేసి, దుమ్ము పట్టనిచ్చుట కంటె పెద్ద అగౌరవం లేదని మా మనవి. కాలేజీ విద్యార్థులకు ఈ పిల్లచేష్టలేల అని మరికొందరు అనవచ్చును. పిల్లచేష్ట వలన పుస్తకం ఇల్లు చేరే పక్షంలో ఆ చేష్టకు మేము సిద్ధమే.

ఖర్చు సంగతి గట్టిగా ఆలోచింపదగినది. ఉదయం ఏమీ తినకుండా కళాశాలకు వచ్చే విద్యార్థులు మనలో ఉన్నారు. వారి ఎదుట ఆహారాన్ని బొమ్మగా చేసి, చూపి, పారవేయుట పాపము. కనుక తినుటకు పనికిరాని అలంకారం ఒక్కటి కూడ ఉండరాదు. చేసినదంతా ఆనాడే అందరి కడుపులోనికి పోవలెను. కలవారి పిల్లలు జీడిపప్పు కోటలు కట్టి, లేనివారి పిల్లలు చేతులు కట్టుకొని నిలుచుండే స్థితి రాకూడదు. పళ్ళెం ఒక్కింటికి ఇంత అని కమిటీ ఒక చిన్న మొత్తం నిర్ణయించి, సంఘపు నిధి నుండి అందరికి సమముగా ఇవ్వవలెను. దానిపై ఒక్క పైసా ఎవరూ కలుపరాదు. హమీద్ మూడు పైసలతో తిరునాళ్ళంతటిని గెలిచినాడని గుర్తుంచుకొందము.

మరి రెండు మాటలు. వంట అనగానే ఆ పనిని విద్యార్థినులకు అప్పగించి, ఉపన్యాసం తమకు ఉంచుకొనే అలవాటు మన విద్యార్థులకు కలదు. ఇక్కడ అది చెల్లదు. చదివిన చేతులే పిండి కలుపవలెను, పాత్రలు కూడ కడుగవలెను. పైన మేము సూచించిన పళ్ళేలలో పొయ్యి పని స్వల్పమనియు, మాంసం అవసరము లేదనియు గమనింతురు గాక. మాంసపు సమోసా, లుఖ్మీ పెట్టే పక్షంలో హలాల్ విషయం చీటీలో తెలిపి, వేరు బల్లపై వేరు గరిటెలతో ఉంచవలెను. అపుడు సంకోచము లేకుండా అందరూ అన్ని పళ్ళేల వద్దకు పోగలుగుదురు. రంజాను ఉపవాసాలు నడిచే నెలలో సమావేశం పడినచో విందును ఇఫ్తార్ వేళకు మార్చుట న్యాయము.

కమిటీ పెద్దలను మేము కోరేది పెద్ద ధనము కాదు. సమావేశానికి ముందు ఒక నెలపాటు గ్రంథాలయాన్ని సాయంత్రం మరి రెండు గంటలు తెరచి ఉంచుడు. ఆ నెలలో ప్రతి విద్యార్థికి ఒక్కొక్క అలమర నుండి ఒక్కొక్క పుస్తకం, అనగా రెండు పుస్తకాలు, ఇంటికి ఇప్పించుడు. పిండి, బెల్లము, దోసకాయలు విద్యార్థులు చూచుకొందురు. విందు జరిగిన మరునాడు గ్రంథాలయపు ఇచ్చుపుచ్చుకోళ్ళ పుస్తకం తెరిచి, ఉర్దూ పేర్ల ఎదుట తెలుగు పుస్తకాలు, తెలుగు పేర్ల ఎదుట ఉర్దూ పుస్తకాల అనువాదాలు ఎన్ని పడినవో లెక్కించుడు. ఆ సంఖ్య పెరిగిన పక్షంలో ఈ విందును ఏటేట జరిపింపుడు. పెరుగని పక్షంలో మిక్చరు, బిస్కట్టు ఎట్లును ఉన్నవి.